ముందు కాపీ, ఆ తర్వాతే రిపేర్

మైక్రోసాఫ్ట్ విండోస్ అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. అమెరికా పసిఫిక్ తీరపు టైము ప్రకారం అది ఉదయం 10 గంటలు. మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అందుకే ఇక్కడి లాప్‌టాప్‌లకు అవి చేరేది బుధ, గురువారాల్లో. ఈ లెక్కను ఒడిశా సరిహద్దు జిల్లాల వాతావరణంతో పోల్చి చూడాలి. ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబర్ 12న. ఆ నెల రెండో మంగళవారం 8వ తేదీ. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబర్ 12న. ఆ నెల రెండో మంగళవారం 14. తిత్లీ పలాస దగ్గర తీరం తాకి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది 2018 అక్టోబర్ 11న. రెండో మంగళవారం 9. మూడుసార్లూ తుఫానుకూ అప్‌డేట్‌కూ మధ్య ఎడం నాలుగు రోజులు దాటలేదు. ఇది కాకతాళీయమే. కానీ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వారంలోనే లాప్‌టాప్ తన లోపలి ఫైళ్లను వేలకొద్దీ తిరగరాసుకుంటోందంటే, ఆ కాకతాళీయం ఖరీదైనదే.

తుఫాను లేని రోజుల్లోనూ సంగతి పెద్దగా మారదు. బరంపురంలో ఒక ట్యూషన్ సెంటరు, పర్లాకిమిడిలో పెళ్లికార్డులు వేసే డీటీపీ షాపు, రాయగడలో ఒక చిన్న కాంట్రాక్టరు బిల్లుల లెక్క. రాత్రి అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ నొక్కి పడుకుంటారు. తెల్లారి చూస్తే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. లేదంటే నీలం తెర, దాని మీద ఏదో కోడ్. ఒక్కోసారి డిస్క్‌లో తప్పులు సరిచేస్తున్నామన్న వాక్యం వచ్చి గంటలు గడిచినా కదలదు. ఆ టెన్షన్‌లో చాలామంది చేసే మొదటి పని పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. రెండోది, దగ్గర్లోని రిపేర్ షాపుకు పట్టుకెళ్లడం. అక్కడ వినిపించే మాట: ‘ఫార్మాట్ కొట్టేద్దామండీ, సాయంత్రానికి ఇచ్చేస్తాం.’

షాపువాళ్ల వైపు నుంచి చూస్తే అది సరైన జవాబే. లాప్‌టాప్ పని చేయడం లేదని తెచ్చారు, పని చేసేలా చేసి ఇస్తారు. కానీ తెచ్చిన మనిషికి కావాల్సింది లాప్‌టాప్ కాదు, దాని లోపలున్న ఫైళ్లు. లాప్‌టాప్ బాగవడం వేరు, ఫైళ్లు దక్కడం వేరు. ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్ల లెక్క నడిపే ఏర్పాటు, కరప్ట్ అయినప్పుడు (చెడినప్పుడు) మొదటిదాని కోసం చేసే పనే రెండోదాన్ని దూరం చేయగలదు. ఫార్మాట్ ఒక్కటే కాదు, కంపెనీ ఇచ్చిన రిపేర్ టూల్స్ కూడా అంతే. ఈ ముక్క తెలియక పోగొట్టుకునే డేటా, అసలు ప్రమాదంలో పోయేదానికంటే తక్కువేమీ ఉండదు.

చిట్టాకెక్కింది, ఆవర్జాకెక్కలేదు

విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. అది డిస్క్ మీద ఒక పెద్ద పట్టిక నడుపుతుంది. ప్రతి ఫైలు పేరు, సైజు, తేదీలు, దాని ముక్కలు డిస్క్ మీద ఎక్కడెక్కడ ఉన్నాయన్న వివరం ఆ పట్టికలో ఉంటాయి. పాతకాలం వ్యాపారుల భాషలో చెప్పాలంటే అది ఆవర్జా. దానికి తోడు ఒక చిట్టా కూడా ఉంటుంది. షావుకారు బేరం జరగ్గానే ముందు చిట్టాలో గీకి, తీరిక దొరికినప్పుడు ఆవర్జాకు ఎక్కించినట్టే, ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా పట్టికలో ఏం మార్చబోతోందో ముందు చిట్టాలో రాసి, తర్వాతే పట్టిక మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు చిట్టా చదివి సగంలో ఆగిన పద్దును పూర్తి చేస్తుంది, లేదా కొట్టేస్తుంది. ఇన్ని కరెంటు కోతల మధ్య ఇన్ని కంప్యూటర్లు బతికి బట్టకడుతున్నది ఈ చిట్టా పుణ్యాన్నే.

అయితే చిట్టా కాపాడేది ఆవర్జాను మాత్రమే, సరుకును కాదు. పట్టికలో పద్దు సరిగ్గానే ఉంటుంది. ఫైలు పేరు ఉంటుంది, సైజు ఉంటుంది. తెరిచి చూస్తే లోపల అన్నీ సున్నాలే. కరెంటు పోయిన క్షణంలో తెరిచి ఉన్న వర్డ్ ఫైలో, లెక్కల ఫైలో ఇలా ఖాళీ అయిపోవడం చాలామందికి అనుభవమే. ఇలాంటి ఫైలును ఏ రిపేర్ టూలూ వెనక్కి తేలేదు. ఎందుకంటే ఫైల్ సిస్టమ్ దృష్టిలో అక్కడ తప్పే లేదు.

రెండో చిక్కు డిస్క్‌లోనే ఉంది. విండోస్ పంపిన సమాచారాన్ని డిస్క్ ముందు తనలో ఉన్న తాత్కాలిక మెమరీలో పెట్టుకుని, తర్వాత అసలు చోట రాస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే మెమరీలో ఉన్నది గాల్లో కలిసినట్టే. సర్వర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీల్లో (తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో చేసిన డిస్క్‌లు) ఆ కాస్త వ్యవధి పాటు కరెంటు నిలిపే కెపాసిటర్లు పెడతారు. లాప్‌టాప్‌లలో వాడే మామూలు ఎస్‌ఎస్‌డీల్లో సాధారణంగా అవి ఉండవు. లాప్‌టాప్‌కు ఆ కాపలా కాసేది దాని బ్యాటరీ. ఆ బ్యాటరీయే చచ్చిపోయి, ఎప్పుడూ చార్జర్ పెట్టి డెస్క్‌టాప్‌లా వాడుతున్న లాప్‌టాప్‌కు కాపలా లేనట్టే. ఆరేడేళ్లు వాడిన లాప్‌టాప్‌లకు పట్టే గతి ఇదే.

మూడోది చిన్నదే అయినా దెబ్బ మాత్రం పెద్దది. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట చదివే ఫైళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండవు. చాలా లాప్‌టాప్‌లలో 100 ఎంబీ అంత చిన్న విభాగం ఒకటి విడిగా ఉంటుంది. అది పాత ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది. దానికి చిట్టా అన్నదే లేదు. కొన్ని అప్‌డేట్లు ఆ విభాగంలోని బూట్ ఫైళ్లను కూడా మారుస్తాయి.

ఇక అప్‌డేట్ రాత్రి జరిగేది చూడాలి. నెలవారీ అప్‌డేట్ వేల ఫైళ్లను ఒక భాండాగారం లాంటి ఫోల్డర్‌లో దించుకుని, పాతవాటి స్థానంలో కొత్తవాటిని ముడిపెడుతుంది. వాడకంలో ఉన్న ఫైళ్లను అప్పటికప్పుడు మార్చలేదు కాబట్టి, మిగతా పనిని రీస్టార్ట్ అయ్యే సమయానికి వాయిదా వేసుకుంటుంది. ఆవర్జాలో వేల పద్దులు ఒక్క రాత్రిలో మారతాయి. ఏళ్లుగా ఎవరూ చదవని చోట్లను కూడా డిస్క్ ఆ రాత్రి చదవాల్సి వస్తుంది, రాయాల్సి వస్తుంది. ముసలి డిస్క్‌లో ఎక్కడో మూల పాడైపోయిన సెక్టార్లు (డేటా దాచే చిన్న గడులు) బయటపడేది అప్పుడే.

నేరం అప్‌డేట్‌దేనా

అప్‌డేట్ తర్వాత చెడింది కాబట్టి అప్‌డేటే చెడగొట్టిందనుకోవడం సహజం. కొన్నిసార్లు అది నిజం కూడా. 2020 డిసెంబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కేబీ4592438 తర్వాత, కొన్ని కంప్యూటర్లలో ఫైల్ సిస్టమ్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ టూల్‌ను స్లాష్ ఎఫ్‌తో, అంటే తప్పులు సరిచేయమని చెప్పి, నడిపితే ఫైల్ సిస్టమ్ దెబ్బతిని విండోస్ లేవలేదు. రిపేర్ చేయాల్సిన టూలే చెడగొట్టింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఒప్పుకుని సరిదిద్దింది. విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ కూడా ఇందుకు అతీతం కాదు. 2023 డిసెంబర్‌లో లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12.3 విడుదలను చివరి నిమిషంలో ఆపేశారు. దాని కెర్నల్‌లో, అంటే మూల ప్రోగ్రాంలో, ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ మీద డేటాను పాడుచేసే లోపం బయటపడింది. మర్నాడే 12.4 ఇచ్చారు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2025 ఆగస్టు 12న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ కేబీ5063878 తర్వాత, పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుండగా ఎస్‌ఎస్‌డీలు మాయమైపోతున్నాయని జపాన్ నుంచి మొదలై ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఎస్‌ఎస్‌డీలను నడిపే కంట్రోలర్ చిప్పులు చేసే ఫైసన్ సంస్థ 4,500 గంటలకు పైగా పరీక్షించినా ఆ లోపాన్ని రప్పించలేకపోయింది. తమ అప్‌డేట్‌కూ డిస్క్‌లు పోవడానికీ సంబంధం కనబడలేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కోట్ల కంప్యూటర్లు ఒకే వారంలో అప్‌డేట్ అయితే, వాటిలో కొన్ని డిస్క్‌లు ఎలాగూ ఆ వారంలోనే చస్తాయి. వాటి యజమానులకు గుర్తుండేది అప్‌డేట్ ఒక్కటే.

మరి ఒక్క లాప్‌టాప్ విషయంలో నిజం తేల్చేదెలా? ఊహ అక్కర్లేదు, విండోస్ దినచర్య రాసుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగం చూస్తే తేదీల వారీగా అంతా ఉంటుంది. 41 నంబరు ఉంటే కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని అర్థం. కరెంటు పోవడమో, బటన్ నొక్కి పట్టుకోవడమో. 7 అంటే డిస్క్‌లో చదవలేని చోటు తగిలింది. 153 అంటే డిస్క్ ఒకసారి అడిగితే పలకక మళ్లీ అడగాల్సి వచ్చింది. 55 అంటే ఫైల్ సిస్టమ్ నిర్మాణమే చెడింది.

ఈ నంబర్లు ఏ వరుసలో వచ్చాయన్నదే అసలు సాక్ష్యం. అప్‌డేట్‌కు నెల ముందు నుంచే 7, 153 అక్కడక్కడా కనిపిస్తుంటే డిస్క్ అప్పటికే మంచం పట్టింది. అప్‌డేట్ దాన్ని బయటపెట్టింది, అంతే. అప్‌డేట్ రాత్రి 41, వెంటనే 55 వస్తే దోషి కరెంటు. డిస్క్ శుభ్రంగా ఉండి, కరెంటు పోకుండా, అప్‌డేట్ ముగిశాక మాత్రమే 55 మొదలైతే అప్పుడు అప్‌డేట్‌నో, దాని వెంట వచ్చిన డ్రైవర్‌నో (డిస్క్ లాంటి భాగాలను నడిపించే ప్రోగ్రాం) అనుమానించాలి. విండోస్ లేవకపోయినా ఈ లాగ్ ఫైలును డిస్క్ నుంచి కాపీ చేసి మరో కంప్యూటర్‌లో తెరిచి చదవొచ్చు. రిపేర్ షాపుల్లో దీన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. అయిదు నిమిషాల పని ఇది. దీన్ని బట్టే డిస్క్ మార్చాలా, బ్యాటరీ మార్చాలా అన్నది తేలిపోతుంది.

కరప్షన్‌లా కనిపించి, కాని సంగతులు

విండోస్ లేవకపోయిన ప్రతిసారీ ఫైల్ సిస్టమ్ చెడినట్టు కాదు. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది, అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్నది బిట్‌లాకర్ తెర. నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. డిస్క్‌లోని డేటా మొత్తం తాళం వేసి ఉందని, అప్‌డేట్ వల్లనో బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) మార్పు వల్లనో కంప్యూటర్ తన యజమానిని గుర్తుపట్టలేకపోతోందని దాని అర్థం. డేటాకు ఏమీ కాలేదు. కానీ ఆ సంగతి తెలియక ఫార్మాట్ కొడితే ఆ డేటా శాశ్వతంగా పోయినట్టే. తాళం వేసిన డిస్క్‌ను ఫార్మాట్ చేశాక ఏ ల్యాబ్ కూడా తీయలేదు.

విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ కొత్తగా వేసుకుని మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా ఈ తాళం చాలా లాప్‌టాప్‌లలో దానంతటదే పడుతుంది. అడగదు. కీ ఆ ఖాతాలో దాచి ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఇక్కడే చిన్న ఊళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి వస్తుంది. లాప్‌టాప్ కొన్నప్పుడు షాపులో కుర్రాడే ఏదో ఈమెయిల్ పెట్టి సెటప్ చేసి ఇచ్చాడనుకుందాం. కీ ఉండేది ఆ ఈమెయిల్ ఖాతాలో. అది ఎవరిదో, పాస్‌వర్డ్ ఏమిటో రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. లాప్‌టాప్ బాగున్న ఈరోజే సెట్టింగ్స్ తెరిచి, ఏ ఖాతాతో నడుస్తోందో చూసి, కీని కాగితం మీద రాసి రేషన్ కార్డు, పట్టాలు ఉన్న ఫైల్లోనే పెట్టుకోవడం మంచిది. ఆ కాగితం విలువ కూడా వాటితో సమానమే.

రెండోది ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అన్న కోడ్. విండోస్‌కు డిస్క్ దాకా దారి దొరకలేదని అర్థం. ఫైల్ సిస్టమ్ చెడినా ఇది రావచ్చు. కానీ బయోస్ అప్‌డేట్ అయి స్టోరేజ్ మోడ్ (డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) మారిపోయినా, డిస్క్ డ్రైవర్ మారినా ఇదే వస్తుంది. విండోస్ అప్‌డేట్ ద్వారానే బయోస్ అప్‌డేట్లు కూడా వస్తుంటాయి కాబట్టి ముందు బయోస్‌లోకి వెళ్లి డిస్క్ కనబడుతోందా, మోడ్ ఏముంది అన్నవి చూడాలి. అక్కడ మోడ్‌ను పాతదానికి మార్చగానే విండోస్ లేచి కూర్చున్న సందర్భాలు కోకొల్లలు. అదే అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్ అనో, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అనో కోడ్ వస్తే మాత్రం వేలు ఫైల్ సిస్టమ్ వైపే చూపిస్తోంది. డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించినప్పుడు దాని ఫైల్ సిస్టమ్ పేరు ఉండాల్సిన చోట ‘రా’ (గుర్తుపట్టలేనిది) అని కనిపించి, ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడగడం కూడా అలాంటిదే. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ వద్దు అనే.

కాపీ

ఇప్పుడు అసలు పని. చెక్‌డిస్క్ ఏం చేస్తుందో అర్థమైతే కాపీ ముందు ఎందుకో అర్థమవుతుంది. చెక్‌డిస్క్ లక్ష్యం ఆవర్జాలో లెక్కలు కుదరడం. ఒకే చోటును రెండు ఫైళ్లు తమదంటే, ఒక ఫైలు పద్దు సగం చెరిగిపోయి ఉంటే, అది తీర్పు చెబుతుంది. తగాదాలో ఉన్న భూమిని రెవెన్యూ రికార్డులో పోరంబోకుగా రాసేసినట్టు, ఎవరిదో తేలని ముక్కలను ఖాళీగా రాసేయగలదు. రికార్డు శుభ్రమవుతుంది, రైతు భూమి పోతుంది. అదృష్టం బాగుంటే ఆ ముక్కలను ఫౌండ్.000 అన్న దాచిన ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లుగా పడేస్తుంది. పేర్లుండవు, నంబర్లే. మూడు వందల పెళ్లికార్డుల్లో ఏది ఏ ఇంటిదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. అదీకాక ఇదంతా అసలు డిస్క్ మీదే రాస్తుంది, వెనక్కి తిప్పే దారి లేదు.

కాబట్టి చేతిలో ఇంకో కంప్యూటర్ లేకపోయినా ముందు కాపీ చేయాలి. విండోస్ రెండు మూడుసార్లు లేవలేకపోతే రికవరీ తెర దానంతటదే వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని టైప్ చేస్తే మామూలు నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. దాని ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, అన్ని రకాల ఫైళ్లు చూపించమంటే, ఆ చిన్న కిటికీయే ఫైళ్లు చూసుకునే గది అవుతుంది. కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, బయటి హార్డ్ డిస్క్‌లో పేస్ట్. ఎంత కాపీ అయిందో చూపించే గీత ఉండదు, ఓపిక పట్టాలి. ఈ తెరలో డ్రైవ్ అక్షరాలు మారిపోతాయన్నది గుర్తుంచుకోవాలి. మామూలుగా సీ అయినది ఇక్కడ డీ కావచ్చు. యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉంటే అదే మనది.

ఇంకో కంప్యూటర్ దొరికితే లినక్స్ మింట్ లాంటిది పెన్ డ్రైవ్‌లో వేసి దాంతో బూట్ చేయడం ఇంకా సుఖం. అయితే డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరవాలి, రాయడానికి కాదు. అందులోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే టూల్ పేరు చూసి మోసపోవద్దు. అది చెక్‌డిస్క్‌కు బదులు కాదు, పైపై సవరణలు చేసి మిగతాది విండోస్‌కే వదిలేస్తుంది. తెలుగు, ఒడియా పేర్లతో ఫైళ్లు దాచుకునేవాళ్లకు ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకు 255 అక్షర సంకేతాల దాకా చోటుంటుంది. లినక్స్ వాడే ఎక్స్‌ట్4లో ఆ 255 బైట్ల లెక్క. తెలుగు, ఒడియా సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. అంటే 85 సంకేతాలు దాటిన పేరును కాపీ చేయనివ్వదు. గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి 85 అంటే అనుకున్నంత పెద్దదేమీ కాదు. బయటి డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఉంటే ఈ బాధ లేదు.

ఏం కాపీ చేయాలన్నది కూడా తొందరలో తప్పే విషయమే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీసుకుంటారు. ట్యాలీ డేటా ఫోల్డర్ ఆ రెండిట్లోనూ ఉండకపోవచ్చు. పర్లాకిమిడి, బరంపురం డీటీపీ షాపుల్లో తెలుగు కార్డు ‘అను’ ఫాంట్లలో, ఒడియా కార్డు ‘ఆకృతి’ ఫాంట్లలో ఉంటాయి. ఇవి యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేతాల పద్ధతి) ముందుకాలం పద్ధతివి. ఫైలు దక్కినా ఆ ఫాంటు లేకపోతే తెర మీద కనబడేది పిచ్చి గీతలే. విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా మొత్తంగా కాపీ చేసుకోవాలి.

కాపీ చేస్తుండగా డిస్క్ టక్‌టక్‌మంటుంటే, కొన్ని ఫైళ్ల దగ్గర నిమిషాలు నిమిషాలు ఆగిపోతుంటే, అక్కడితో ఆపడమే తెలివి. చావుకు దగ్గరైన డిస్క్‌ను ఎంత తిప్పితే అంత త్వరగా పోతుంది. చేయి తిరిగినవాళ్లు ఇలాంటప్పుడు డీడీరెస్క్యూ వాడతారు. అది ముందు సులువుగా వచ్చేదంతా లాగేసి, మొండికేసిన చోట్లను చివరికి వదిలి, డిస్క్ మొత్తానికి ఒక నకలు తీస్తుంది. ఆ తర్వాత ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే. పర్లాకిమిడి, గుణుపురం లాంటి ఊళ్ల నుంచి డిస్క్‌ను రికవరీకి పంపాలంటే సాధారణంగా విశాఖో భువనేశ్వరో దారి పట్టాల్సిందే. పంపాలని నిర్ణయించుకుంటే, అంతకుముందు ఊళ్లో నలుగురి చేతా తలో టూల్ నడిపించకుండా పంపాలి. ఎస్‌ఎస్‌డీ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఖాళీ అని గుర్తు పడిన చోట్లను ఎస్‌ఎస్‌డీ తనంతట తానే తుడిచేసుకుంటుంది. హార్డ్ డిస్క్‌లో ఫార్మాట్ తర్వాత కూడా కొంత దొరుకుతుంది, ఎస్‌ఎస్‌డీలో చాలాసార్లు ఏమీ మిగలదు.

రిపేర్

కాపీ అయ్యాక మనసు తేలికపడుతుంది, ఇక ధైర్యంగా చేయొచ్చు. ముందు డిస్క్ ఆరోగ్యం చూడాలి. అది చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉచితం, విండోస్ లేవకపోతే డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి నడపాలి. గుడ్ అంటే సరే, కాషన్ అని పసుపు రంగులో చూపిస్తే ఆ డిస్క్ మీద రిపేర్ దండగ. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని విండోస్ దానిమీద వేసుకోవడమే. పాడైన డిస్క్‌నే ఫార్మాట్ కొట్టించి మళ్లీ వాడితే మూడు నెలల్లో మళ్లీ అదే షాపుకు వెళ్లాల్సి వస్తుంది.

డిస్క్ బాగుంటే, సగంలో ఆగిన అప్‌డేట్‌ను వెనక్కి తీయడం మొదటి మెట్టు. రికవరీ తెరలోనే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది. అది కుదరకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో, విండోస్ సొంత ఫైళ్లను సరిచేసే డిజమ్ టూల్‌కు పెండింగ్ పనులు రద్దు చేయమని చెప్పే ఆదేశం ఉంది. చాలా సందర్భాల్లో దీంతోనే విండోస్ లేస్తుంది.

లేవకపోతే అప్పుడు చెక్‌డిస్క్. సరైన డ్రైవ్ అక్షరం చూసుకుని స్లాష్ ఎఫ్‌తో నడపాలి. స్లాష్ ఆర్ అంటే డిస్క్‌లోని ప్రతి సెక్టారునూ చదువుతుంది, పెద్ద హార్డ్ డిస్క్‌లో గంటలు పడుతుంది. అలవాటుగా ముందే స్లాష్ ఆర్ కొట్టడం అనవసరం. ఏది నడిపినా మధ్యలో ఆపకూడదు, కరెంటు పోకూడదు. చచ్చిన బ్యాటరీతో ఈ పని చేయాల్సి వస్తే ఇన్వర్టర్ ఉన్న చోటికి తీసుకెళ్లి చేయాలి. విండోస్ లేచాక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ, డిజమ్ రిస్టోర్‌హెల్త్ నడిపితే దెబ్బతిన్న విండోస్ ఫైళ్లు మారతాయి. డిజమ్‌కు నెట్ కావాలి, ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. ఎస్‌ఎఫ్‌సీ సరిచేసేది విండోస్ సొంత ఫైళ్లనే, మన ఫోటోలతో దానికి పని లేదు.

ఇంజనీరింగ్ పిల్లల లాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ ఉంటుంది. అక్కడ ఇంకో ఉచ్చు ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉబుంటు నుంచి విండోస్ డ్రైవ్‌లో రాస్తే, విండోస్ లేచాక తన పాత లెక్కనే నమ్మి నడుస్తుంది, రెండు లెక్కలూ కలిసి గందరగోళమవుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అది మళ్లీ ఆన్ అయిందేమో చూసుకోవాలి. ఉబుంటు తన సొంత విభాగం చెడి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతే, లినక్స్‌లో చెక్‌డిస్క్ లాంటి ఎఫ్‌ఎస్‌సీకే నడపమని అదే చెబుతుంది. ఆ విభాగం వాడకంలో లేనప్పుడే నడపాలి.

కరెంటు, బ్యాటరీ

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత లాప్‌టాప్‌ను ఎలాగోలా విండోస్ 11కు మార్పించుకోవాలన్న ఆత్రం చాలా ఇళ్లలో ఉంది. ఇది నెలవారీ అప్‌డేట్ కంటే ఎన్నో రెట్లు పెద్ద తిరగరాత. ముసలి హార్డ్ డిస్క్, చచ్చిన బ్యాటరీ ఉన్న లాప్‌టాప్ మీద ఆ పని పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అని ఒక అంకె, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటాయి. రెండోది మొదటిదానిలో మూడో వంతు కూడా లేకపోతే, కరెంటు పోయాక ఆ లాప్‌టాప్ ఎంతసేపు నిలుస్తుందో చార్జర్ తీసి గడియారం పెట్టి చూడాలి. రెండు నిమిషాలకే ఆరిపోతే అప్‌డేట్ కంటే ముందు బ్యాటరీ మార్చాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అన్న ధీమా కూడా పూర్తిగా సరికాదు. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఉండే సందు ఫ్యానుకు తెలియదు, బ్యాటరీ లేని లాప్‌టాప్ మాత్రం ఆరిపోతుంది. ఆ స్విచ్‌ను యూపీఎస్ వైపు తిప్పడానికి ఖర్చేమీ లేదు.

తుఫాను హెచ్చరిక వచ్చిన వారంలో అప్‌డేట్‌ను ఆపి ఉంచవచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే పాజ్ అని ఉంటుంది, విండోస్ 11లో ఒక వారం నుంచి అయిదు వారాల దాకా ఎంచుకోవచ్చు. గోపాలపూర్ రేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త వినగానే కొవ్వొత్తులు, మంచినీళ్లు చూసుకునే ఇళ్లలో ఈ బటన్ కూడా నొక్కి, ముఖ్యమైన ఫోల్డర్లను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడానికి అరగంట చాలు. కరెంటు మళ్లీ నిలకడగా వచ్చాక పాజ్ తీసేసి, పగటి పూట, మనిషి ఎదురుగా ఉండగా అప్‌డేట్ చేసుకోవచ్చు.